మీ పుస్తకాల వెన్ను మా దుకాణంలో విరుగుతోంది

తెలుగులో వ్యక్తిత్వ వికాస పుస్తకాలు రాసేవారికి, అనువదించేవారికి, అచ్చువేసి అమ్మేవారికి,

నమస్కారం.

పర్లాకిమిడిలో నాకొక చిన్న జిరాక్సు, బైండింగు దుకాణం ఉంది. మా నాన్నగారు పెట్టినది. ఆయన రోజుల్లో బడి రిజిస్టర్లు, వర్తకుల చిట్టా ఆవర్జాలు, చివికిపోయిన భారత భాగవతాలు కుట్టి అట్ట వేయడమే పని. ఇప్పుడు నాకు అన్నం పెట్టేవి ఆధార్ కార్డు నకళ్ళు. అయినా సూది, దారం, మైదా జిగురు గిన్నె బల్ల మీది నుంచి దిగలేదు.

ముందుగా ఒక తప్పు ఒప్పుకుంటాను. మీ పుస్తకాల పేజీలు నేను జిరాక్సు తీస్తున్నాను. పుస్తకం మొత్తం తీసి ఇమ్మనేవాళ్ళను వెనక్కి పంపిస్తాను కానీ, ఒకటో రెండో పేజీలు కావాలంటే కాదనలేను. పేజీ రెండు రూపాయలు. కేసు పెట్టదలచుకుంటే పెట్టండి, ఈలోగా ఈ ఉత్తరం చదవండి. మీ పుస్తకాల్లో ఏ పేజీలు జిరాక్సుకు వస్తున్నాయో, ఏ పేజీ దగ్గర పుస్తకం విరిగి కుట్టుకు వస్తోందో మీకు తెలిసే దారి లేదు. నాకు తెలుసు.

బైండింగు చేసేవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. పుస్తకం చేతికి రాగానే వెన్ను మీద నిలబెట్టి రెండు అట్టలూ వదిలేస్తాం. ఎక్కువసార్లు ఎక్కడ తెరిచారో అక్కడ అది తనంతట తానే విచ్చుకుంటుంది. వంటల పుస్తకమైతే రెండు మూడు చోట్ల, నూనె మరకలతో సహా. నవలకు మొదటి నుంచి చివరిదాకా వెన్ను ఒకే తీరుగా నలిగి ఉంటుంది. పోటీ పరీక్షల గైడు పాత ప్రశ్నపత్రాల దగ్గర రెండు ముక్కలవుతుంది. మీ పుస్తకాలు మాత్రం 30వ పేజీ, 40వ పేజీ దగ్గర విరుగుతాయి. అక్కడి నుంచి చివరిదాకా కాగితం బీరువాలో దాచిన పెళ్ళిచీరలా మడత నలగకుండా ఉంటుంది.

జనానికి ఓపిక తగ్గింది, చదివే అలవాటు పోయింది అని మీరు అనవచ్చు. నేనూ కొంతకాలం అలాగే అనుకున్నాను. తర్వాత ఆ విరిగిన చోట ఏముందో చూడటం మొదలుపెట్టాను. చాలా పుస్తకాల్లో అక్కడ ఉన్నది ఒక గళ్ళపట్టిక, లేదా కొన్ని ఖాళీ గీతలు. పాఠకుడు అప్పటిదాకా వింటూ వచ్చాడు. అక్కడ పుస్తకం అతని వైపు తిరిగి, ఇక నీ వంతు అంటుంది. ఆ పేజీని వాళ్ళు పదేపదే తెరిచారు. ముందుకు వెళ్ళలేదు.

గళ్ళపట్టిక కథ ఒకటి చెబుతాను.

పోయిన ఏడాది వానాకాలంలో ఒక అబ్బాయి వచ్చాడు. డిగ్రీ అయింది, పోటీ పరీక్షలకు చదువుతున్నాడు. మీలో ఒకరు వేసిన పుస్తకం తెచ్చాడు. అందులో 30 గళ్ళ పట్టిక, గడికి ఒక రోజు. తెల్లవారుజామున అయిదింటికి లేచిన రోజున గడిలో టిక్కు పెట్టాలి. పుస్తకం స్నేహితుడిది కనుక అందులో రాయకూడదని ఒక కాపీ తీయించుకుని వెళ్ళాడు. పన్నెండు రోజులకు మళ్ళీ వచ్చాడు, అదే పేజీ ఇంకొక కాపీ కావాలన్నాడు. తర్వాత వారం తిరక్కుండానే మూడోది. ఆరోసారి వచ్చినప్పుడు, "ఏం బాబూ, ఊరందరికీ పంచుతున్నావా?" అని నవ్వాను.

"లేదమ్మా. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతున్నాను" అన్నాడు.

పట్టిక కింద చిన్న అక్షరాలతో ఉన్న వాక్యం మీద వేలు పెట్టి చూపించాడు. ఒక్క రోజు తప్పినా మళ్ళీ ఒకటో రోజు నుంచి ప్రారంభించాలని ఉంది. అతని తండ్రిది జీడిపిక్కల వ్యాపారం. లోడు ఏ అర్ధరాత్రో వస్తుంది, దించేసరికి మూడు దాటుతుంది. ఆ రోజు అయిదింటికి లేవడం కుదరదు. లోడు వచ్చిన రాత్రికి పట్టికలో గడి లేదు.

సంచిలోంచి పాత కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు. పారేయలేదు, నాలుగు మడతలు పెట్టి దాచుకున్నాడు. మొదటిదాంట్లో తొమ్మిది టిక్కులు, రెండోదాంట్లో ఆరు, తర్వాత పదకొండు, నాలుగు, పదమూడు. నాకు లెక్కల పిచ్చి. కలిపి చూస్తే 43. నలభై మూడు రోజులు తెల్లవారుజామున లేచిన మనిషి, తనకు పట్టుదల లేదని తలవంచుకుని నా ఎదురుగా నిలబడి ఉన్నాడు.

ఈ రోజుల లెక్కలు ఎక్కడి నుంచి వచ్చాయో మీకు తెలియకుండా ఉండదు. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్, ముఖానికి శస్త్రచికిత్స చేయించుకున్నవారు అద్దంలో తమ కొత్త రూపానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని గమనించి, 1960లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. తర్వాతి పుస్తకాల్లో ఆ 'కనీసం' రాలిపోయింది. ముఖానికి అలవాటు పడటం అన్నది ఏ పనికైనా అలవాటు పడటం అయిపోయింది. 21 ఒక మంత్రసంఖ్య అయి కూర్చుంది, ఆ దారిలోనే 30, 40, 90 వచ్చాయి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ, ఆమె తోటి పరిశోధకులు 96 మందిని తీసుకుని, రోజూ ఒక కొత్త పని చేయమని 12 వారాలు గమనించారు. ఆ ఫలితాలు 2009లో వచ్చాయి. పని అలవాటుగా స్థిరపడటానికి ఒకరికి 18 రోజులు చాలితే ఇంకొకరికి 254 రోజులు పడుతుందని లెక్క తేలింది. మధ్యగతం, అంటే వరుసలో సరిగ్గా నడిమి మనిషి లెక్క, 66 రోజులు. వాళ్ళు ఇంకో మాట కూడా చెప్పారు, నాకు కావలసింది అదే: మధ్యలో ఒకసారి తప్పినంత మాత్రాన అలవాటు పడే తీరుకు చెప్పుకోదగ్గ నష్టం లేదు.

అంటే ఆ చిన్న అక్షరాల వాక్యం తప్పు. ఆ అబ్బాయికి కావలసింది ఆరో కాపీ కాదు. మొదటి కాపీలోనే పదో గడి ఖాళీగా వదిలేసి పదకొండో గడికి పోవచ్చన్న ఒక్క మాట.

నా గొడవ ఆ వాక్యంతో ఆగదు. అదే పుస్తకం మొదటి అధ్యాయంలో చాలా దయగల మాటలు ఉన్నాయి. మిమ్మల్ని మీరు క్షమించుకోండి, తప్పులు సహజం, చిన్న అడుగులు చాలు అని. పట్టిక మాత్రం దయ తెలియని గుమాస్తాలా గడి ఖాళీ, గడి నిండింది అని రెండే లెక్కలు రాసుకుంటుంది. పుస్తకం చెప్పే మాట ఒకటి, కట్టిన తీరు చెప్పే మాట ఇంకొకటి అయినప్పుడు మనిషికి ఒంటబట్టేది రెండోదే. ఆ అబ్బాయికి మొదటి అధ్యాయంలోని ఒక్క వాక్యమూ గుర్తులేదు. పట్టిక గుర్తుంది. పట్టుకోలేకపోయిన నెపం కూడా పుస్తకం మీద పడదు. ఎన్ని గళ్ళు ఉండాలో, ఎప్పుడు వెనక్కి రావాలో మీరు నిర్ణయించారు. ఓడిపోయింది మాత్రం అతను ఒక్కడే.

ఇక ఖాళీ గీతలు.

వీటి మీద నాకు కోపం లేదు. ఉత్తినే చదివిన మాటకంటే తాము పూరించి రాసిన మాట మనుషులకు ఎక్కువ గుర్తుంటుందని 1978లోనే స్లమెకా, గ్రాఫ్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రయోగం చేసి చూపించారు. రాయించడం మంచిదే. అయితే మీ గీతలు ఎవరి కోసం గీశారో ఆ మనిషి వేరు. ఆ మనిషి పుస్తకం కొనుక్కుంటాడు, సొంత బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుంటాడు, రాసింది ఇంకెవరూ చూడరు. మా దగ్గర ఒక పుస్తకం ఆరేడు ఇళ్ళు తిరుగుతుంది. కుట్టుకు ఇచ్చి తీసుకుపోవడం మరచిన పుస్తకాలను నేను ఒక అరలో పెట్టి, అడిగినవాళ్ళకు ఇస్తుంటాను. పదిహేను రోజుల్లో తిరిగి ఇవ్వాలి. (30 రోజుల పట్టిక ఉన్న పుస్తకాన్ని 15 రోజులకు ఇస్తున్నానన్న సంగతి ఈ ఉత్తరం రాస్తుంటేనే తట్టింది. ఇందులో నా తప్పు కూడా ఉంది.)

ఆ అరలోని ఒక పుస్తకం 47వ పేజీలో ఒక ప్రశ్న ఉంది: మిమ్మల్ని వెనక్కి లాగుతున్న నమ్మకం ఏది? కింద మూడు గీతలు. మొదటి గీత మీద నీలం పెన్నుతో, గుండ్రటి చేతిరాతతో "నాకు ఇంగ్లీషు రాదు అనే నమ్మకం" అని ఉంది. రెండో గీత మీద వేరొకరి పెన్సిలు, "నాకూ" అని. మూడో గీత మీద ఒడియా అక్షరాలు. ఒడియాలో ఏం రాశారా అని చదివితే, అక్షరాలు ఒడియావి కానీ మాట తెలుగే.

"నమ్మకం కాదు, అప్పు."

చాలాసేపు ఆ పేజీ పట్టుకుని కూర్చున్నాను. ఎవరు రాశారో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. వెనక్కి లాగేది నమ్మకమే అయి ఉండాలని ఆ ప్రశ్న ముందే తేల్చేసింది. జవాబు చెప్పేవారికి ఏ నమ్మకం అన్నదే మిగిలింది. ఆ మనిషి ఉన్న ఒక్క గీతనూ ప్రశ్నను కాదనడానికి వాడుకున్నారు. పేజీ తిప్పితే 48వ పేజీ ఇలా మొదలవుతుంది: అభినందనలు, మీరు మీ పరిమితిని గుర్తించారు, ఇప్పుడు దాని మీద అడ్డంగా ఒక గీత గీసి కొట్టివేయండి. అప్పు మీద గీత కొట్టేస్తే వడ్డీకి ఇచ్చినవాడు ఊరుకుంటాడా? పాఠకుడు ఏం రాసినా తర్వాతి పేజీ అదే అభినందన చెబుతుంది. రాయకపోయినా చెబుతుంది. అభినందించడమే తప్ప విన్నది లేదు.

మూడు గీతలే ఎందుకు అని కూడా అడగాలనుంది. పిల్లవాడు పుట్టిన తర్వాత చదువు మానేసిన సంగతి మూడు గీతల్లో పట్టదు. అదే పుస్తకంలో చివర 'నా ఆలోచనలు' అని పేరు పెట్టి తొమ్మిది పేజీలు వట్టి గీతలు ఉన్నాయి. అచ్చయిన పెద్ద కాగితాన్ని మడిస్తే వచ్చే ఫారానికి 16 పేజీలని నాకూ తెలుసు, మిగిలిన పేజీలు అలా నింపుతారని కూడా తెలుసు. ఇరుకు కావలసిన చోట విశాలం, విశాలం కావలసిన చోట ఇరుకు.

ఇప్పుడు మా ఊరి సంగతి కొంత చెప్పాలి. మాది ఒడిశాలోని గజపతి జిల్లా. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. కనుక ఇక్కడ తెలుగు గలగలా మాట్లాడేవాళ్ళలో చాలామందికి తెలుగు అక్షరం కూడబలుక్కోవాలి. అందుకని ఆదివారం సాయంత్రం షట్టరు సగం దించి, ఆరేడుగురం కూర్చుంటాం. ఒకరు చదువుతారు, మిగిలినవారు వింటారు. చాలాసార్లు చదివేది నేనే. నవలలు చదివాం, యాత్రలు చదివాం, పిల్లలు పట్టుబట్టి మీ పుస్తకాలు చదివించారు.

పైకి చదివితే తప్ప పుస్తకం కట్టుబడి బయటపడదు. మీరు రాసింది ఒకసారి నలుగురి మధ్య కూర్చుని పైకి చదివి చూడండి. "కళ్ళు మూసుకోండి, లోతుగా ఊపిరి పీల్చుకోండి" అని వస్తుంది. చదివేది నేను, నేను కళ్ళు మూసుకుంటే తర్వాతి వాక్యం ఎవరు చదువుతారు? పేజీ మధ్యలో నలుపు గీతల పెట్టె వస్తుంది. కథ సగంలో ఆపి పెట్టె చదవాలా, కథ అయ్యాక చదవాలా? పెట్టెలో ఉన్నది పై పేరాలో ఉన్న వాక్యమే. పైకి చదివితే ఒకే మాట రెండుసార్లు వినిపించి, "చదివిందే చదువుతున్నావేమిటి పిన్నీ" అని నన్ను అంటారు. "11వ పేజీలోని పటం చూడండి" అని వస్తుంది. ఆరుగురు లేచి నా భుజం మీదుగా తొంగి చూస్తారు.

'మీరు' అన్న మాట మరీ చిత్రం. ఇంగ్లీషు పుస్తకంలోని ఆ పిలుపును అనువాదకులు మర్యాదగా 'మీరు' చేశారు, మంచిదే. కానీ తెలుగులో 'మీరు' ఒకరూ అవుతారు, పదిమందీ అవుతారు. ఒంటరిగా చదివేవాడికి అది ఒకరి చెవిలో చెప్పిన మాట. ఆరుగురి మధ్య చదివితే సభలో ఉపన్యాసం. "మీరు మీ సోమరితనాన్ని ఎందుకు దాచుకుంటున్నారు?" అని చదివినప్పుడు అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరిని అన్నారో తెలియక చివరికి అందరూ నవ్వేశారు. ఒంటరిగా చదివినవాడు ఆ వాక్యం దగ్గర నవ్వి ఉండడు.

'నేను' అన్న పేజీలు ఇంకా కష్టం. అద్దం ముందు నిలబడి రోజూ పైకి అనుకోవలసిన వాక్యాలు కొన్ని పుస్తకాల్లో పేజీ నిండా ఉంటాయి. నేను విలువైన వ్యక్తిని, నేను ప్రేమకు తగినవాడిని, ఇలా. వీటి మీద కెనడాలో జోయాన్ వుడ్, ఆమె సహచరులు చేసిన పరిశోధన 2009లో వచ్చింది. తమ మీద తమకు మంచి అభిప్రాయం ఉన్నవారికి అటువంటి వాక్యం కొద్దిగా మేలు చేసింది. తమను తాము తక్కువగా చూసుకునేవారికి అదే వాక్యం మళ్ళీ మళ్ళీ అనుకుంటే మనసు ఇంకా కుంగింది. ఎవరి కోసమని ఆ పేజీ వేశారో వాళ్ళకే ఎదురు తిరుగుతోంది. పుస్తకాన్ని తలుపు వేసుకుని చదివే అమ్మాయి ఆ సంగతి ఎవరికి చెబుతుంది? పేజీ కింద ఎక్కడా "ఇది మీకు సరిపడకపోతే వదిలేయండి" అని ఉండదు.

అన్నీ తిట్లేనా అంటే, కాదు. చిన్న చిన్న అధ్యాయాలు మాకు ఎంతో మేలు చేశాయి. బియ్యం పొయ్యి మీద పెట్టి వచ్చినవాళ్ళు అన్నం ఉడికేలోపల ఒకటి వినివెళ్ళగలరు. అధ్యాయం చివర వేసే సారాంశం ఆలస్యంగా వచ్చినవారికి చాలా ఉపకారి. జిరాక్సుకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది కూడా ఆ సారాంశం పేజీలే. ఒక టైలరింగు నేర్చుకునే అమ్మాయి కోపం వచ్చినప్పుడు ఏం చేయాలో చెప్పే పేజీని పెద్దదిగా తీయించుకుని మిషను ఎదురుగా గోడకు అంటించుకుంది. సంవత్సరం అయింది, ఇంకా ఉంది. ఎందుకు నిలిచిందో అడిగితే, "ఇందులో రోజులు లేవు కదా" అంది.

విషయసూచిక మాత్రమే జిరాక్సు తీయించుకునేవాళ్ళూ ఉన్నారు. తప్పు వాళ్ళది కాదు. మీ అధ్యాయాల పేర్లన్నీ పూర్తి వాక్యాలు, అన్నీ ఆజ్ఞలు. ముందుగా లేవండి, తక్కువ మాట్లాడండి, ఖర్చు రాసుకోండి. నాలుగు రూపాయల్లో పుస్తకం అయిపోయింది. మిగిలిన 200 పేజీల్లో ఏముందని ఒకబ్బాయిని అడిగితే "కథలమ్మా" అన్నాడు. ఆ కథల గురించి ఎక్కువ చెప్పను. ఒకే పేజీలో పడిపోయి, ఒకే పేజీలో లేచే మనుషులు. ఒకప్పుడు వాళ్ళు షికాగోలో ఉండేవారు, ఇప్పుడు హైదరాబాదుకు మారారు. ఎవరికీ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, ముసలి అత్తగారు ఉండరు. ఒక్కరైనా కొంచెం బాగుపడి ఆగిపోయినవారు కనిపించరు.

మీ పుస్తకాల పూర్వీకులు ఇలా ఒంటరిగా పుట్టలేదు. శామ్యూల్ స్మైల్స్ అనే రచయిత 1859లో వేసిన 'సెల్ఫ్ హెల్ప్' అనే పుస్తకం పేరే ఆ తర్వాత ఈ కోవ మొత్తానికీ పేరైంది. అది అంతకు ఎన్నో ఏళ్ళ ముందు ఇంగ్లండులోని లీడ్స్‌లో కూలి పనివారైన కుర్రవాళ్ళకు చెప్పిన ఉపన్యాసాల్లోంచి పుట్టింది. చలికాలం సాయంత్రాలు ఇద్దరు ముగ్గురు కలిసి తమకు తెలిసింది ఒకరికొకరు చెప్పుకోవడం మొదలుపెట్టారట. పోనుపోను వందమంది దాకా అయ్యారు. చోటు చాలక, అంతకు ముందు కలరా ఆసుపత్రిగా వాడిన పెద్ద గదిని అద్దెకు తీసుకున్నారు. ఎవరూ ఆ గదిని తీసుకోవడానికి సాహసించని రోజులవి. ఆ సంగతి స్మైల్స్ ముందుమాటలోనే రాసుకున్నాడు. తమకు తాము సాయం చేసుకోవడం అని పేరు పెట్టినా, అది నలుగురు కూడిన గదిలో పుట్టిన మాట.

మా ఊరు మద్రాసు రాజధాని నుంచి ఒడిశాకు మారిన ఆ 1936లోనే అమెరికాలో డేల్ కార్నెగీ పుస్తకం వచ్చింది. అదీ తరగతి గదిలోంచే వచ్చింది. ఆయన 1912 నుంచి న్యూయార్కులో పెద్దవాళ్ళకు మాట్లాడటం నేర్పేవాడు. అధ్యాయం చివర ఒక్క వాక్యంలో సూత్రం చెప్పే పద్ధతి ఆ పాఠాలకు సరిపోయేది. పుస్తకాన్ని ఎలా వాడుకోవాలో ఆయన మొదట్లోనే చెప్పాడు. ఒక్కో అధ్యాయం రెండుసార్లు చదవమన్నాడు, గీతలు గీయమన్నాడు, నెలకొకసారి తిరగేయమన్నాడు. నాకు నచ్చినది ఇంకొకటి: మీరు ఈ సూత్రాన్ని తప్పినప్పుడు పట్టుకున్న స్నేహితుడికి, లేదా ఇంట్లోవాళ్ళకు, కొంత డబ్బు ఇస్తానని పందెం కట్టండి అన్నాడు. సరదా ఆటే కావచ్చు, కానీ ఆ ఆటలో రెండో మనిషి ఉన్నాడు. మీ గళ్ళపట్టికలో రెండో మనిషికి చోటు లేదు. బ్రిటన్‌లో దిగులు మరీ ముదరనివారికి ఇటువంటి పుస్తకాలను వైద్యంలో భాగంగా వాడతారు. అక్కడ కూడా పుస్తకం చేతిలో పెట్టి పంపేయరు, శిక్షణ ఉన్న మనిషి మధ్యమధ్యలో పలకరించేలా ఏర్పాటు ఉంటుంది.

అంత దూరం పోకుండా మన అరలోనే వెతికితే శతకం ఉంది. మనకు మంచిచెడ్డలు చెప్పిన పుస్తకాల్లో అంత పకడ్బందీ కట్టుబడి ఇంకొకటి నేను చూడలేదు. నాలుగు పాదాల పద్యం, చివర మకుటం. ఏ పద్యానికి ఆ పద్యమే పూర్తి. ముప్ఫయ్యోది ముందు వచ్చినా, మూడోది మరచిపోయినా శతకం కోప్పడదు. పద్యం ఒకరు ఎత్తుకుంటే మకుటం అందరూ అందుకుంటారు, చదవడం రానివారు కూడా. వేమనను అక్షరం రానివారు ఇన్ని వందల ఏళ్ళు మోసుకొచ్చారంటే ఆ చివరి పాదం పట్టుకొమ్మ కావడం వల్లనే. 1829లో బ్రౌను దొర ఆ పద్యాలు అచ్చువేసేనాటికి అవి జనం నోట్లో ఉన్నాయి. ఇక సుమతీ శతకం పిలుపు చూడండి. నీకు ఇది తెలియదు, అది చేతకాదు అని మొదలుపెట్టదు. ప్రతి పద్యంలోనూ 'సుమతీ' అంటుంది, మంచి బుద్ధి గలవాడా అని. ముందు గౌరవం, ఆ తర్వాత సలహా. మీ మొదటి అధ్యాయాలు తెరిస్తే పాఠకుడికి ఏమేమి జబ్బులున్నాయో పరీక్ష పెడతాయి. పది ప్రశ్నలు, మార్కులు, 15 కంటే తక్కువ వస్తే మీరు ప్రమాదంలో ఉన్నారు. మా ఆదివారం గుంపులో అందరికీ 15 కంటే తక్కువే వచ్చాయి.

పొడి అక్షరాల గొడవ ఒకటి చెప్పి ముగింపుకు వస్తాను. లక్ష్యం ఎలా ఉండాలో చెప్పడానికి ఇంగ్లీషు పుస్తకాలు 'స్మార్ట్' అంటాయి. 1981లో జార్జ్ డోరన్ ఒక నిర్వహణ పత్రికలో రాసిన వ్యాసం నుంచి అది పాకింది. ఆ భాషలో ఒక్కో అక్షరం ఒక్కో గుణాన్ని గుర్తుచేస్తుంది, మాటకు చురుకైనది అన్న అర్థమూ ఉంది, కనుక మేకులా దిగుతుంది. తెలుగులో మీరు అయిదు ఇంగ్లీషు అక్షరాలు తెలుగు లిపిలో నిలువుగా వేసి, ఎదురుగా నిర్దిష్టమైన, కొలవదగిన, సాధించదగిన అని రాశారు. 'ఎస్'కూ నిర్దిష్టానికీ సంబంధం ఏమిటో మా గుంపులో ఎవరికీ తెలియలేదు. గుర్తుపెట్టుకోవడానికి వేసిన కొక్కేన్నే గుర్తుపెట్టుకోవలసి వచ్చింది. మనకు కొక్కేలు చేయడం రాదా? 'యమాతారాజభానసలగం' అన్న ఒక్క మాటతో ఎనిమిది గణాలూ తరాల పిల్లలకు నేర్పారు. ఎక్కడ మొదలుపెట్టి మూడు అక్షరాలు పలికినా ఆ గణం గురులఘువులు అందులోనే వినిపిస్తాయి.

1880లో మా ఊరి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు రామమూర్తి గారు, పుస్తకం చదివేవాడి భాషలో ఉండాలని జీవితమంతా పోట్లాడారు. సవరల భాష నేర్చుకుని వాళ్ళ పిల్లలకు వాళ్ళ మాటలోనే పాఠాలు రాశారు. మీ పుస్తకాల్లో వాక్యం ఆయన కోరినట్టే వాడుక తెలుగు. వాక్యాలను నిలబెట్టిన చట్రం మాత్రం దిగుమతి సరుకు. పెట్టెలు, గళ్ళు, పొడి అక్షరాలు, మూడు గీతలు, మార్కుల పరీక్ష, అన్నీ ఉన్నవి ఉన్నట్టు దిగాయి. అనువాదం అయ్యేది వాక్యం ఒక్కటే.

కనుక నా కోరికలు ఇవి. పట్టిక వేసిన పేజీ కింద "ఈ పేజీని జిరాక్సు తీసుకోవచ్చు" అని ఒక వాక్యం వేయండి. నా నేరమూ తగ్గుతుంది, పుస్తకం పది చేతులు మారినా ఎవరి జవాబు వారి దగ్గర ఉంటుంది. ఒకటో రోజు, రెండో రోజు అని కాకుండా గళ్ళకు అంకెలు లేకుండా వదిలేయండి. లోడు దిగిన రాత్రి గడి ఖాళీగా ఉంటే ఉండనివ్వండి. రాయమన్న చోట కాస్త ఎక్కువ చోటు ఇవ్వండి, చివరి తొమ్మిది పేజీలు తెచ్చి అక్కడ వేసినా చాలు. ప్రశ్నలో జవాబు పెట్టకండి. ఎవరితోనైనా కలిసి చేయదగిన పని అధ్యాయానికి ఒకటైనా ఉండనివ్వండి. అచ్చుకు ఇచ్చే ముందు ఒకసారి ఎవరికైనా పైకి చదివి వినిపించండి, మీ ఇంట్లోవాళ్ళకైనా సరే.

ఇంకొకటి, ఇది వృత్తిధర్మం కొద్దీ అడుగుతున్నాను: పదేపదే తెరవమని మీరే చెప్పే పుస్తకానికి ఉత్త జిగురు వేసి అమ్మకండి. కుట్టించండి. ప్రతికి మరికొన్ని రూపాయలు అవుతుంది, నాకు కొంత పని తగ్గుతుంది, ఫరవాలేదు.

ఆ అబ్బాయికి ఆరో కాపీ తీయలేదు. అతని అయిదు కాగితాలనూ వరుసగా పెట్టి, పక్కకు తిప్పి, ఎడమ అంచున మూడు కుట్లు వేసి ఇచ్చాను. మొదటి అట్ట మీద 43 అని రాశాను. డబ్బులు ఎంత అని అడిగితే దారం ఖరీదు ఇమ్మన్నాను. ఈ మధ్య కనిపించలేదు. పరీక్ష సంగతి తెలియదు.

47వ పేజీ పుస్తకం నా బల్ల మీదనే ఉంది. వెన్ను పూర్తిగా పోయింది, జిగురు పొరలు గీరేసి ఫారాలు విడదీశాను. మళ్ళీ కుట్టేటప్పుడు 47వ పేజీకి ఎదురుగా నాలుగు తెల్లకాగితాలు కలుపుతున్నాను, గీతలు లేనివి. ఆ ఒడియా అక్షరాల మనిషి మళ్ళీ ఎప్పుడైనా తీసుకుపోతే అక్కడ చోటు ఉంటుంది. మీకు చూడాలని ఉంటే రాయండి, పుస్తకం పంపుతాను. పదిహేను రోజుల్లో తిరిగి ఇవ్వాలి.

ఇట్లు,
ఒక బైండింగు దుకాణం మనిషి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా